‘‘మనింట్లో అమెరికన్ అంటే తెల్లవాళ్ళేనా?’’ – పిల్లలు ఇలా అడిగితే మీరేం చెప్పారు?

ఇర్వింగ్_అమ్మ · ఆదివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఎన్నాళ్ళుగానో ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నాను.

మా అమ్మాయి ఎనిమిదో క్లాసు, ఇక్కడ టెక్సాస్‌లోనే పుట్టింది. ఇంట్లో మేం తెలుగులో మాట్లాడితే అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. అందుకని దానికి అంతగా అర్థం కాదులే అనుకుంటూ వచ్చాం.

నిన్న దాని స్నేహితురాలు మా ఇంటికొచ్చింది. ఆరో క్లాసు నుంచీ ఇద్దరూ స్కూలు ఆర్కెస్ట్రాలో పక్కపక్కన కూర్చుని వయొలిన్ వాయిస్తారు. నల్లజాతి పిల్ల. అప్పటికి ఇంట్లో మా అత్తగారూ, భోజనానికి పిలిచిన ఇంకో కుటుంబమూ ఉన్నారు. ఆ పిల్ల గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, మా అత్తగారికి ‘‘నమస్తే’’ అని చేతులు జోడించి మరీ లోపలికొచ్చింది. పిల్లలిద్దరూ మేడ మీదకి వెళ్ళగానే వచ్చినావిడ గొంతు తగ్గించి, ‘‘అదేంటండీ, నల్లవాళ్ళతో స్నేహమా? క్లాసులో అమెరికన్స్ ఎవరూ లేరా?’’ అంది. మా అత్తగారు ‘‘పిల్ల మంచిదేలే, కాకపోతే...’’ అని అక్కడితో ఆపారు. నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఒక్క మాట అనలేదు.

రాత్రి అమ్మాయి వేసవి సంగీత శిబిరానికి దరఖాస్తు నింపుతోంది. అన్నీ నింపి, ‘రేస్’ అన్న గడి దగ్గర ఆగిపోయింది. నావైపు తిరిగి, ఎప్పుడూ లేనిది తెలుగులో, తడుముకోకుండా అడిగింది: ‘‘అమ్మా, మనింట్లో అమెరికన్ అంటే తెల్లవాళ్ళేనా? దాని ముత్తాతల ముత్తాతలు కూడా ఇక్కడే పుట్టారు. అదే అమెరికన్ కాకపోతే మరి నేనేంటి?’’

అంటే అన్నీ విన్నది. నిన్నటివే కాదు, పదమూడేళ్ళుగా అన్నవన్నీ విన్నది. మనం మాట్లాడే తీరు గుర్తు చేసుకుంటే నాకే ఒళ్ళు చల్లబడింది. ‘‘ఆఫీసులో ఒక అమెరికన్’’ అంటే తెల్లాయన. మిగతా వాళ్ళు ‘‘చైనా ఆవిడ’’, ‘‘మెక్సికన్ అతను’’, ‘‘నల్లతను’’. దానికి నేను జవాబు చెప్పలేదు. ‘‘పొద్దున్న మాట్లాడుకుందాం’’ అన్నాను. పొద్దున్న కూడా మాట్లాడలేదు.

మీ ఇళ్ళలో ఏం జరిగింది? బడిలో ఏం నేర్చుకున్నారు, ఇంట్లో ఏం నేర్చుకున్నారు? దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

కృష్ణాతీరం · సోమవారం, ఉదయం 7:15

అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ కొంచెం ఎక్కువగా ఆలోచిస్తున్నారేమో. పాతికేళ్ళుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలకీ రంగు గురించి, రేస్ గురించి ఏనాడూ చెప్పలేదు. వాళ్ళకా ధ్యాసే లేదు. చదువు, ఆదివారం తెలుగు బడి, కూచిపూడి, పండగలు. ‘‘నువ్వెవరు’’ అంటే ‘‘తెలుగువాణ్ణి’’ అంటాడు మావాడు. మన పిల్లలకి ఆ గుర్తింపు చాలు. ఈ దేశపు గొడవలు వాళ్ళ నెత్తిన ఎందుకు పెట్టడం?

పలకా_బలపం · సోమవారం, ఉదయం 9:02

కృష్ణాతీరం గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. వర్జీనియాలో పద్దెనిమిదేళ్ళుగా మూడు నాలుగేళ్ళ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. రంగు ధ్యాస లేని పిల్లని నేనింతవరకూ చూడలేదు. మనం చెప్పకపోతే వాళ్ళకి తెలీదనుకోవడం మన ధీమా.

ఒకటి చెబుతాను. మా క్లాసులో ఒక తెలుగు బాబు ఉండేవాడు, నాలుగేళ్ళు. తన బొమ్మ గీసుకుంటూ ‘‘స్కిన్ కలర్ ఇవ్వండి టీచర్’’ అన్నాడు. వాడు చెయ్యి చాపింది లేత గులాబీ పెన్సిల్ వైపు. నేను వాడి చెయ్యి కాగితం మీద బోర్లా పెట్టించి, ఆ పెన్సిల్ దాని పక్కన పెట్టాను. చాలాసేపు చూసుకున్నాడు. తరవాత గోధుమ రంగు తీసుకుని, గీసింది సగంలో ఆపేసి, ‘‘ఇది వద్దు, ఇది డర్టీ’’ అన్నాడు. ఆ మాట వాడికి మా బడిలో ఎవరూ నేర్పలేదని నాకు గట్టి నమ్మకం. వాళ్ళమ్మ సాయంత్రం వస్తూనే వాడితో అన్న మొదటి మాట ‘‘ఎండలో ఆడకురా, నల్లబడిపోతావు’’.

ఆ లేత రంగు పెన్సిల్‌కి, పిల్లల మైనపు పెన్సిళ్ళు (క్రేయాన్లు) చేసే క్రేయోలా కంపెనీ ఒకప్పుడు ‘ఫ్లెష్’ అనే పేరు పెట్టింది. అంటే ఒంటి రంగు. 1962లో దాన్ని ‘పీచ్’ అని మార్చారు. రకరకాల ఒంటి రంగులతో 24 పెన్సిళ్ళ పెట్టె తేవడానికి 2020 దాకా పట్టింది. ఇప్పుడు మా క్లాసులో ఆ పెట్టె ఉంది. తమ రంగు వెతుక్కోవడానికి పిల్లలు ఒక్కో పెన్సిలూ మోచేతి మీద ఆనించి చూసుకుంటారు.

బొమ్మల పరీక్ష గురించి వినే ఉంటారు. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు, భార్యాభర్తలు, 1940ల్లో చేశారు. మూడు నుంచి ఏడేళ్ళ నల్లజాతి పిల్లలు 253 మంది. రంగు తప్ప మిగతాదంతా ఒకేలా ఉండే బొమ్మలు ముందు పెట్టి, ఆడుకోవడానికి ఏది కావాలంటే, దాదాపు మూడింట రెండు వంతుల మంది తెల్లబొమ్మే అడిగారు. ‘‘చెడ్డగా కనిపించేది ఇవ్వు’’ అంటే సగం మందికి పైగా గోధుమ రంగు బొమ్మ ఇచ్చారు. చివర ‘‘నీలా ఉండేది ఇవ్వు’’ అని అడిగినప్పుడు కొందరు ఏడుస్తూ గదిలోంచి వెళ్ళిపోయారు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరువేరు బడులు చెల్లవని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పులో క్లార్క్ గారి పనిని ప్రస్తావించారు.

అయితే అందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. తెల్లబొమ్మ కావాలన్నది అమెరికా దక్షిణాది వేరు బడుల పిల్లలే కాదు. మసాచుసెట్స్‌లో తెల్లపిల్లలతో కలిసి చదివే పిల్లలు కూడా ఎక్కువమంది అదే అడిగారు. కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన పని అయిపోలేదు. ఇంట్లో, వీధిలో, టీవీలో ఏం వింటున్నారన్నదీ ఉంది.

మన సంగతికొస్తే, కడుపుతో ఉన్నప్పుడే మొదలుపెడతాం. పిల్ల తెల్లగా పుడుతుందని కుంకుమపువ్వు పాలు. పుట్టగానే చెవి వెనకాల మడత తిప్పి చూసి ‘‘రంగొస్తుందిలే’’ అని ఓదార్పు. ‘పసిమిఛాయ’ అంటే మెచ్చుకోలు, ‘రంగు తక్కువ’ అంటే లోటు. రంగులో తక్కువేమిటో ఒక్కసారి ఆలోచించండి. కృష్ణుణ్ణి నల్లనయ్యా అని నోరారా పిలిచి, అదే నోటితో పిల్లకి సున్నిపిండి గట్టిగా రుద్దమంటాం.

జెర్సీ_1984 · సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను 1984లో వచ్చాను. ‘‘మన పిల్లలకి ఈ గొడవలెందుకు’’ అని ఆ రోజుల్లో మేమూ అనుకున్నాం. 1987లో జెర్సీ సిటీలో ‘డాట్‌బస్టర్స్’ అనే ముఠా బయల్దేరింది. బొట్టు పెట్టుకున్నవాళ్ళని ఊళ్ళోంచి తరిమేస్తామని పత్రికకి ఉత్తరం రాశారు. ఆ ఏడాదే హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే యువకుణ్ణి కొట్టి చంపారు. ఆయన పార్సీ. కొట్టినవాళ్ళు ఆ తేడాలేమీ అడగలేదు. మా ఆవిడ అప్పట్నించి కొన్ని నెలలపాటు కారెక్కే ముందు బొట్టు చెరుపుకుని, ఇంటికొచ్చాక అద్దం ముందు మళ్ళీ పెట్టుకునేది. మా పెద్దాడికి అప్పుడు ఆరేళ్ళు. రోజూ చూశాడు. ఎందుకమ్మా అని ఒక్కసారీ అడగలేదు. ముప్పై దాటాక, వాడికి కూతురు పుట్టాక, ఆ అద్దం మాట నాతో ఎత్తాడు.

అమ్మాయి ఆగిన ఆ గడి గురించి కూడా చెప్పాలి. దానికో చరిత్ర ఉంది, పిల్లలకి తప్పక చెప్పాల్సింది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, తాను ఆర్యుణ్ణి, అగ్రకులస్థుణ్ణి, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని పౌరసత్వం కోసం వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు కొందరికి దాన్ని లాగేసుకున్నారు. మళ్ళీ ఆ హక్కు దక్కింది 1946లో. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని వేరే గడి పెట్టారు. మనుషులు మారలేదు, గడులు మారాయి.

నన్ను ఎక్కువ బాధించేది ఆ కోర్టు వాదన. ‘మమ్మల్నీ మనుషుల్లా చూడండి’ అనలేదు. ‘మేం కింద ఉండాల్సిన వాళ్ళం కాదు, పైనున్న మీ వరసలో వాళ్ళం’ అన్నారు. కులం చూపించి రంగు మాఫీ చేయమన్నారు. ఆ భోజనాల బల్ల దగ్గర మీ అతిథి అన్న మాటకి వేరు అక్కడుంది.

కాన్సస్_కుర్రాడు · సోమవారం, రాత్రి 8:48

నమస్తే. నేను ఇక్కడ పుట్టినవాణ్ణి. తెలుగు రాయడం మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నా.

2017 ఫిబ్రవరి 22న ఒలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్ల గారిని బార్‌లో కాల్చి చంపినప్పుడు నేను పదో క్లాసు. మా ఇల్లు అక్కడికి దగ్గరే. కాల్చినవాడు ‘‘మా దేశం నుంచి పొండి’’ అని అరిచి మరీ కాల్చాడు. ఆయన స్నేహితుడికి గాయమైంది. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్లజాతి అతనికీ తూటా తగిలింది.

ఆ వారం వాట్సాప్ నిండా ఒకటే సలహా: బయట మన భాషలో మాట్లాడకండి. నాన్న కూడా అదే చెప్పాడు. మరుసటి శనివారం సరుకుల దుకాణంలో అమ్మమ్మ ‘‘కొత్తిమీర తాజాగా లేదురా’’ అంది, మామూలుగా, పెద్దగా. నేను ‘‘ష్’’ అన్నాను. ఆవిడ ముఖం నాకిప్పటికీ కనిపిస్తుంది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. ఆవిడకి వచ్చింది ఆ ఒక్క భాషే.

స్కూల్లో సోషల్ టీచరు ఒకాయన, నల్లజాతి ఆయన, క్లాసయ్యాక నన్ను ఆపి, ‘‘మీ ఇంట్లో ఎలా ఉన్నారు?’’ అని అడిగారు. వాళ్ళింట్లో మగపిల్లలకి పోలీసులు ఆపితే చేతులెక్కడ పెట్టాలో పదేళ్ళకే నేర్పుతారని చెప్పారు. మీ ఇంట్లో ఏం నేర్పారు అన్నారు. ఏమీ లేదన్నాను. అప్పటిదాకా నేను తెల్లవాడిలా బతికేస్తున్నాననుకున్నా. అది అబద్ధమని తెలిసిన రోజు, పక్కన నిలబడింది మనవాళ్ళు ‘‘దూరంగా ఉండు’’ అని చెప్పిన మనుషుల్లో ఒకరు.

కృష్ణాతీరం అంకుల్, మీవాడు తెలుగువాణ్ణని చెప్పుకోవడం చాలా బావుంది. కానీ ఎదుటివాడు మనల్ని ఏమని చూస్తాడో అది కూడా వాడికి ఇంట్లోనే, మీ నోటి నుంచే తెలియాలి.

చాట్స్‌వర్త్_తాత · మంగళవారం, ఉదయం 5:20

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి రాస్తున్నాను. నా తెలుగు సాయంత్రం బడి తెలుగు, మన్నించండి. మావాళ్ళు చెరకు తోటల కూలికి ఓడలో వచ్చారు. మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి 1860 నవంబరులో ఇక్కడికి చేరింది. మా వాళ్ళు తరవాతి ఓడల్లో వచ్చారు, విశాఖ వైపు నుంచి.

మీ అమ్మాయికి గడి ఎదురుగా ఉంది, ఏది నింపాలో తను చూసుకోవచ్చు. నాకు ప్రభుత్వమే నింపి ఇచ్చింది. 1950 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ జాతి ముద్ర. ‘ఇండియన్’ అని రాస్తే నా బడి, నా బస్సు, నా సముద్రపు ఒడ్డు, నా ఇల్లు అన్నీ దాన్నిబట్టే. కేటో మేనర్ నుంచి మమ్మల్ని తీసుకొచ్చి చాట్స్‌వర్త్‌లో పడేశారు. బడిలో అందరూ ఇండియన్లే, ఇక్కడి నల్లజాతివాళ్ళైన జూలూల పిల్లవాడు ఒక్కడూ లేడు, తెల్లపిల్లవాడు ఒక్కడూ లేడు. ఇంగ్లీషులో చదువు. తెలుగు, తమిళం, గుజరాతీ అందరం ఒకే పేరు కింద కలిసిపోయాం. నేను తెలుగువాణ్ణని నాకు చెప్పింది బడి కాదు. నాయనమ్మ, భజన, ఆంధ్ర మహాసభ వారి తరగతి. ఆ సభ పెట్టింది 1931లో. ఇవాళ మా రాజ్యాంగంలో గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరు ఉంది. 1996లో అది అచ్చులో చూసి మా అన్న ఏడ్చాడు.

కానీ నేను రాయాలనుకున్నది ఇది కాదు.

మా ఇంట్లో బట్టలుతికే జూలూ ఆవిడ ఉండేది. ఆవిడకి ఒక ఎనామిల్ కప్పు, తెల్లది, నీలం అంచు, అడుగున పెచ్చు లేచింది. వంటింటి కిటికీ బయట గట్టు మీద ఉండేది. లోపల మా కప్పులతో కలిసేది కాదు. తెల్లవాళ్ళ బీచ్‌కి మమ్మల్ని రానివ్వరని నాన్న రాత్రుళ్ళు కుమిలిపోయేవాడు, రాజకీయం మాట్లాడేవాడు, మండేలా పేరు తలుపులు మూసి చెప్పేవాడు. ఆయనే ఆ కిటికీ పక్కన కూర్చుని టీ తాగేవాడు. కప్పు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ప్రభుత్వం పెట్టిన పాఠం బడిలో, కప్పు పాఠం ఇంట్లో. రెండోది వదలడానికి నాకు ఎక్కువ ఏళ్ళు పట్టింది.

మాసబ్‌ట్యాంక్_టీచర్ · మంగళవారం, ఉదయం 10:05

తాతగారూ, మీరు రాసిన కప్పు చదివి కొద్దిసేపు ఫోన్ పక్కన పెట్టిన. మా ఊరి చాయ్ దుకాణంల దళితులకు వేరే గ్లాసు ఉండేది, చూరు కింద చెక్కి పెట్టేటోళ్ళు. మీ తాతముత్తాతలు ఓడ ఎక్కినప్పుడు మూటల బట్టలొక్కటే కాదు, ఆ గ్లాసు గూడ వచ్చినట్టుంది.

ఇదంతా అమెరికా ముచ్చటే అనుకోకుండ్రి. మా బడి హైదరాబాదుల, ఏసీ గార్డ్స్ దగ్గర. ఆ బస్తీ పేరుకు అర్థం పిల్లలకు చెప్పండంటే పెద్దోళ్ళు గూడ నవ్వుతరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువుల గుర్రపు దళం, 1948 తర్వాత రద్దయింది. వాళ్ళ సంతతి, సిద్దీలు, అక్కడనే ఉన్నరు. పెండ్లిళ్ళల్ల మనం ఎగిరే మర్ఫా దరువు వాళ్ళు తెచ్చిందే.

ఏడో తరగతిల ఒక పిల్లగాడు ఉండె. నాలుగు తరాలు హైదరాబాదే. ఉర్దూ, తెలుగు రెండూ మంచిగ వస్తయి. క్లాసుల పేరు పెట్టి ఎవ్వరు పిలవరు, ‘‘ఏయ్ ఆఫ్రికా’’ అని పిలుస్తరు. వాడు గూడ నవ్వుతడు. నేను మొదట్ల అది దోస్తుల పరాచికం అనుకున్న, అది నా తప్పు. ఒకనాడు హాజరు తీస్తుంటే వాడు అసలు పేరుకు పలకలే, వెనక నుంచి ఎవరో ‘‘ఆఫ్రికా’’ అంటే లేచిండు. ఆ రోజు నాకు అన్నం సహించలే.

తర్వాత స్థానిక చరిత్ర పాఠం అని చెప్పి, ఒక్కొక్కరు తమ గల్లీ పేరు ఎట్ల వచ్చిందో ఇంట్ల అడిగి రమ్మన్న. వీడు తాతను తోలుకొచ్చిండు. ముసలాయన పాత సైనికుల ఫోటో ఒకటి పట్టుకొచ్చిండు, బల్లెం, తలపాగ, గుర్రం. పిల్లలందరు మీద పడి చూసిండ్రు. పిలుపు ఒక్కరోజుల మారలే. కానీ వాడు ఆనాటి నుంచి హాజరుకు అసలు పేరుకే లేస్తుండె.

ఇంకొక్క మాట. మన భాషల ‘జాతి’ అన్న మాట చూడుండ్రి. తెలుగు జాతి అంటే గర్వం, జాతి గీతం అంటే దేశం, ‘తక్కువ జాతి’ అంటే తిట్టు. ఇన్నింటికి ఒక్కటే మాట. కృష్ణాతీరం సారు ‘తెలుగువాళ్ళం’ అంటే పిల్లగాని చెవిల ఏ జాతి పడుతుందో మనం చూసుకోవాలె.

అట్లాంటా_గుంటూరు · మంగళవారం, రాత్రి 9:33

మాది కలిసిన కుటుంబం. నా భార్య నల్లజాతి అమెరికన్, అలబామా మనిషి. పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు.

పెళ్ళప్పుడు మా అమ్మ రాలేదు. పాప పుట్టిన ఏడాదికి వచ్చింది. మొదటి ఆదివారం తలంటు పోస్తానని గుంటూరు నుంచి మోసుకొచ్చిన కుంకుడుకాయల రసం తీసింది. పాప జుట్టు మెత్తటి స్ప్రింగుల్లా ఉంటుంది. ఆ రసంతో పెళుసై చిక్కులు పడింది. దువ్వెన దిగలేదు. పాప ఏడుపు, అమ్మ కళ్ళలో నీళ్ళు. మా ఆవిడ ఏమీ అనకుండా పక్కన కూర్చుని, తడి జుట్టుని నాలుగు పాయలుగా విడదీసి, కొస నుంచి పైకి వేళ్ళతో విప్పడం చూపించింది. మనం పై నుంచి కిందికి దువ్వుతాం కదా, ఈ జుట్టుకి కింద నుంచి పైకి. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. రెండు గంటలు పట్టింది. ఆర్నెల్లు తిరిగేసరికి అమ్మ పిలక జడల్లాంటి సన్నటి పాయలు ఆవిడకన్నా చక్కగా వేసేది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కుట్టిన చెయ్యి అది. ‘‘మా మనవరాలి జుట్టు మా వంశంలో ఎవరికీ లేనంత ఒత్తు’’ అని ఫోన్లో చెల్లెలికి చెబుతుంటే విన్నాను. అంతకుముందు అదే ఫోన్లో పాప రంగు గురించి మాట దాటేసేది.

నాకేం అర్థమైందంటే, ఇంట్లో ఉపన్యాసం పనిచెయ్యదు. తల ఎవరు దువ్వుతున్నారు, ఎవరి పళ్ళెంలో ఎవరు తింటున్నారు, అది పనిచేస్తుంది. కమలా హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ చెన్నై మనిషి అయినా, ఈ దేశం తన కూతుళ్ళని నల్లపిల్లలుగానే చూస్తుందని ముందే గ్రహించి, వాళ్ళు దాన్ని తలెత్తుకుని మోసేలా పెంచిందని కూతురే చెప్పుకుంది. అదే సమయంలో మద్రాసు తాతగారింటికీ తీసుకెళ్ళింది. మేమూ అదే చేస్తున్నాం. ఫారంలో మా పాప రెండు గడులూ నింపుతుంది. 2000 జనాభా లెక్కల నుంచి అలా ఒకటికన్నా ఎక్కువ ఎంచుకోనిస్తున్నారు.

కృష్ణాతీరం · బుధవారం, ఉదయం 7:40

అందరివీ చదివాను. కాన్సస్ బాబూ, నీ మాట తగిలింది. నిన్న రాత్రి మావాడికి ఫోన్ చేసి, స్కూల్లో నిన్నెప్పుడైనా ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. కాలేజీ మూడో ఏడు వాడిప్పుడు. గంటన్నర మాట్లాడాడు. ఐదో క్లాసులో లంచ్ డబ్బా వాసనని ఏడిపిస్తే, మూడు నెలలపాటు వాళ్ళమ్మ పెట్టిన అన్నం చెత్తబుట్టలో పారేసి ఆకలితో ఇంటికొచ్చేవాడట. నాకిప్పుడు తెలిసింది. ‘‘ఎందుకు చెప్పలేదురా’’ అంటే ‘‘మనింట్లో అవి మాట్లాడం కదా నాన్నా’’ అన్నాడు.

తెలుగు నేర్పడం ముఖ్యమన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. చాట్స్‌వర్త్ పెద్దాయన చెప్పిందీ అదే కదా. నిలబెట్టింది నాయనమ్మ భాషే.

పలకా_బలపం · బుధవారం, ఉదయం 8:10

వెనక్కి తీసుకోమని ఎవరూ అనలేదండీ. ఆ భాషలోనే ఇవి కూడా మాట్లాడదాం. ఇర్వింగ్ అమ్మగారూ, ఏమైంది మరి?

ఇర్వింగ్_అమ్మ · ఆదివారం, సాయంత్రం 6:25

ఆలస్యానికి క్షమించండి. ప్రతి పోస్టూ రెండేసి సార్లు చదివాను. ఎనామిల్ కప్పు గురించి మా అత్తగారికి గట్టిగా చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, చిన్నప్పుడు తమ పెరట్లో దబ్బచెట్టు కింద బోర్లించి ఉండే సత్తు గ్లాసు గురించి చెప్పారు. అమ్మాయి అక్కడే కూర్చుని వింటోంది. ఈసారి దాన్ని లోపలికి పొమ్మనలేదు.

అమ్మాయికి ముందు క్షమాపణ చెప్పాను. ఆ రోజు భోజనానికి వచ్చినావిడ ఆ మాట అన్నప్పుడు నోరు విప్పకపోవడం నాదే తప్పన్నాను. ‘‘నాకు తెలుసు, నువ్వు పప్పు కలుపుతూనే ఉన్నావు’’ అంది. ఆ గిన్నెలో కలపడానికేమీ లేదు. అది కూడా చూసింది. థింద్ కేసు కలిసి చదువుకున్నాం. ‘ఏషియన్ ఇండియన్’ నింపి, పక్కన ఖాళీలో ఎవరూ అడక్కుండానే ‘తెలుగు’ అని రాసుకుంది.

గురువారం మా ఆయన అలవాటు చొప్పున ‘‘ఇవాళ మా టీమ్‌లో ఒక అమెరికన్...’’ అని మొదలుపెట్టారు. అమ్మాయి ‘‘ఏ అమెరికన్ నాన్నా?’’ అంది. ఆయన ఆగి, అతని పేరు చెప్పి, అక్కణ్నుంచి కథ కొనసాగించారు.

ఇవాళ స్నేహితురాలు మళ్ళీ వచ్చింది. పై వారం వాళ్ళ కచేరీ ఉంది, దానికి అందరూ జుట్టు ముడేసుకుని రావాలట. ఇద్దరూ అద్దం ముందు కుస్తీ పడుతుంటే మా అత్తగారు కొబ్బరినూనె సీసా పట్టుకుని వెళ్ళి, ఆ పిల్ల వెనక నిలబడి, నూనె రాయాలా వద్దా తెలియక నా వైపు చూశారు. నాకూ తెలీదు. అట్లాంటా గారూ, మీ అమ్మగారికి కుదిరినప్పుడు మా అత్తగారితో ఒకసారి ఫోన్లో మాట్లాడతారా? కొస నుంచి పైకి ఎలా విప్పాలో అడుగుతారట.